తాళం ఎవరి చేతిలో ఉంటే వైద్యం వారి బాధ్యత

నాకు క్షయ జైల్లో బయటపడింది. ఆ క్రిమి ఒంట్లోకి ఎప్పుడు చేరిందో ఎవరూ చెప్పలేరు. బయట ఉన్నప్పుడే చేరి, ఏళ్ల తరబడి అణిగి ఉండి, తిండీ నిద్రా చెడ్డాక తలెత్తి ఉండొచ్చు. బ్యారక్‌లో పక్కవాడి దగ్గుతో వచ్చి ఉండొచ్చు. అప్పుడు నేను విచారణ ఖైదీని. ఒక గొడవ కేసులో చాలామందితో పాటు నా పేరూ ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కింది. ఆ కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి దాని సంగతి ఇక్కడ రాయను. నేరం రుజువు కాలేదు, శిక్ష పడలేదు. అయినా ఆ రోజుల్లో నా ఊపిరితిత్తులు ఏమవ్వాలన్నది నా చేతుల్లో లేకుండా పోయింది. అది ఎవరి చేతుల్లో ఉందో తెలుసుకోవడానికే నాకు నెలలు పట్టింది. లోపల తమవాళ్లున్న కుటుంబాలకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

జైలుకు వెళ్లిన రోజు గేటు దగ్గర సోదా అయ్యాక ఒక గదిలో కూర్చోబెట్టారు. పుట్టుమచ్చలు రాసుకున్నారు, బరువు చూశారు, బీపీ చూశారు. ఒంటి మీద దెబ్బలున్నాయా అని అడిగారు. దగ్గుందా, జ్వరం వస్తోందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అని అడగలేదు. వెనక వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు, చూసే మనిషి ఒక్కడే. జైళ్ల చట్టం 1894 నాటిది. చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ నడుస్తున్నది అదే. దాని 24వ సెక్షన్ ప్రకారం, లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ వైద్యాధికారి ఆదేశాల మేరకు పరీక్షించి, గాయాలతో పాటు ఆరోగ్య పరిస్థితిని కూడా రికార్డు చేయాలి. జైలుకు వచ్చిన ప్రతి ఖైదీకీ నిర్ణీత నమూనాలో వైద్య పరీక్ష చేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1999లోనే అన్ని రాష్ట్రాలకూ రాసింది. క్షయ లాంటి జబ్బును గుమ్మంలోనే పట్టుకోవడానికి ఉన్న అవకాశం ఆ పరీక్ష ఒక్కటే. మనిషి ఒకసారి బ్యారక్‌లో పడుకున్నాడంటే అతని శ్వాస అందరిదీ అవుతుంది.

బ్యారక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పక్కకు తిరిగి పడుకోవాలంటే పక్కవాడూ తిరగాలి. కిటికీలు పైన ఎక్కడో ఉంటాయి. చలికాలం వాటికి గోనెపట్టలు కట్టేవాళ్లు. జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూరు మందికి కట్టిన చోట సగటున 131 మందిని పెట్టారు. క్షయకు ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

దగ్గు మొదట పొడిగా వచ్చేది. తర్వాత సాయంత్రం లాకప్ వేళకు ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారుజామున చెమటతో బనియను తడిసేది. అన్నం సహించేది కాదు. వార్డర్‌కు చెబితే జైలు ఆసుపత్రికి పంపేవాడు. అక్కడ దగ్గు సిరప్పు, జ్వరం మాత్రలు. ఇంకోసారి యాంటీబయాటిక్. మళ్లీ సిరప్పు. ఆ ఆసుపత్రిలో ఉన్నవాళ్లను నేను తప్పు పట్టను. అంతమందికి డాక్టరు గారు ఒక్కరు, ఆయనకూ పగటిపూటే డ్యూటీ. 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉండాలని జైళ్ల నమూనా నియమావళి చెబుతుంది. అక్కడ ఆ లెక్క దరిదాపుల్లో కూడా లేదు. కానీ రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుకోమని బస్టాండు గోడల మీద కూడా రాసి ఉంటుంది. ఆ మాట నాకూ తెలుసు. బయట ఉంటే నేనే వెళ్లి చేయించుకునేవాణ్ణి. లోపల ఆ మాట తెలిసి ఏం లాభం? నన్ను తీసుకెళ్లేవాడు ఉండాలి కదా.

డాక్టరు గారు చివరికి 'బయట ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష' అని చీటీ రాశారు. అసలు కథ అక్కడ మొదలైంది. ఆ చీటీతో నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంటే ఎస్కార్ట్ కావాలి. ఎస్కార్ట్ జైలు సిబ్బంది చేతిలో ఉండదు, పోలీసుల ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచి రావాలి. వాళ్లకు బందోబస్తులు, కోర్టు వాయిదాలు, వీఐపీ పర్యటనలు. పొద్దున పేరు పిలిచేవాళ్లు, నేను తయారై గేటు దగ్గర కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నానికి 'ఇవాళ ఎస్కార్ట్ రాలేదు' అని వెనక్కి పంపేవాళ్లు. అలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం మానేశాను. డాక్టరు గారిని అడిగితే "నేను రాసేశానయ్యా" అన్నారు. జైలర్‌ను అడిగితే "మేం లెటర్ పెట్టాం, వాళ్లు పంపాలి" అన్నారు. పంపాల్సినవాళ్లు నాకు కనబడనే కనబడరు. ఎవరి పని వాళ్లు చేశామంటున్నారు, నా దగ్గు మాత్రం పెరుగుతోంది.

ఒక రాత్రి దగ్గుతూ లేచి కూర్చుంటే నోట్లో ఉప్పగా తగిలింది. స్టీలు గ్లాసులో ఉమ్మేశాను. బల్బు వెలుతురులో చూస్తే నురగ నురగగా ఎర్రటి రక్తం, పైన బుడగలు. నా పక్కన పడుకునే పెద్దాయన ఆ గ్లాసు చూసి ఇనపచువ్వల దగ్గరికి పరుగెత్తి అరవడం మొదలుపెట్టాడు.

"సార్! నైట్ డ్యూటీ సార్! పిల్లోడు రక్తం కక్కుతున్నాడు!"

వార్డర్ టార్చి వేసుకుని వచ్చాడు. కుర్రాడు, కొత్తగా చేరినవాడు. గ్లాసు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "తాళాలు నా దగ్గర ఉండవు పెద్దాయనా, జైలర్ సార్ రావాలి. పొద్దున్నే డాక్టరు వస్తాడు, అప్పటిదాకా కూర్చోబెట్టండి" అన్నాడు. నిజమే, రాత్రి తాళాలు అతని దగ్గర ఉండవు. కానీ ఫోను చేయొచ్చు, రిజిస్టర్‌లో రాయొచ్చు. "కనీసం రాయండి సార్, టైమేసి రాయండి" అని పెద్దాయన బతిమాలాడు. రాశాడో లేదో అప్పుడు తెలియలేదు. తెల్లవార్లూ పెద్దాయన నా వీపు నిమురుతూ కూర్చున్నాడు. తనకూ అంటుకుంటుందేమోనన్న ఆలోచన ఆయనకు వచ్చిందో లేదో నేను అడగలేదు.

తర్వాత తెలిసింది, ఆ పరిస్థితికి చట్టంలో ఒక సెక్షన్ ఉందని. జైళ్ల చట్టం 37వ సెక్షన్. ఒక ఖైదీ వైద్యుణ్ణి చూడాలని కోరినా, కోరకపోయినా చూడ్డానికి ఒంట్లో బాగాలేనట్టు కనిపించినా, దగ్గరున్న అధికారి ఆలస్యం చేయకుండా జైలర్‌కు చెప్పాలి. జైలర్ ఆలస్యం చేయకుండా వైద్య సిబ్బంది దృష్టికి తేవాలి. అంటే బాధ్యత డాక్టరు గదిలో మొదలు కాదు, చువ్వల ముందు టార్చి పట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గర మొదలవుతుంది. ఖైదీ అడగాలని కూడా చట్టం షరతు పెట్టలేదు. జబ్బుగా కనిపిస్తే చాలు. నూట ముప్పై ఏళ్ల కిందట తెల్లదొరలు రాసిన చట్టంలోనే ఇంత ఉంది.

ఆ వారం ములాఖత్‌కు అక్క వచ్చింది. జాలీకి అవతల నుంచి నన్ను చూసి చాలాసేపు మాట్లాడలేదు. "ఏరా, ఆ చొక్కా నీదేనా?" అంది చివరికి. నాదే. భుజాల మీద నుంచి జారిపోతోంది. రక్తం సంగతి చెప్పాను. ఏడవలేదు. "ఎవరికి చెప్పావు? ఎప్పుడు చెప్పావు? తేదీలు చెప్పు" అని పెన్ను తీసింది. అక్క చదివింది పదో తరగతే, కానీ కాగితం మీద లేనిది ఆఫీసుల్లో ఉండదని ఆమెకు బాగా తెలుసు. అక్కడి నుంచి నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లింది.

ఇది చాలామందికి తెలియదు. కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ ఉచితంగా లాయరును పెట్టించుకునే హక్కు ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ దాన్ని స్పష్టంగా చెప్పింది. పేదవాడని రుజువు చేసుకోవాల్సిన పని కూడా లేదు, కస్టడీలో ఉంటే చాలు. జైల్లోనే న్యాయసహాయ క్లినిక్ ఒకటి ఉండేది. అందులో శిక్ష పడ్డ ఖైదీల్లోంచే ఒకాయనకు శిక్షణ ఇచ్చి పారాలీగల్ వాలంటీర్‌గా పెట్టారు. నా పిటిషన్ ఆయనే రాశాడు. నేను మొదట 'నా ఆరోగ్యం బాగాలేదు, దయచేసి వైద్యం చేయించగలరు' అని చెప్పబోతే ఆపేశాడు.

"అలా రాస్తే ఇది కూడా ఒక కాగితమే తమ్ముడూ. దగ్గు ఎప్పటి నుంచి, ఎవరికి ఏ తారీఖున చెప్పావు, ఏ మందిచ్చారు, బయటికి పంపమని డాక్టరు ఎప్పుడు రాశాడు, ఎన్నిసార్లు గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చావు, రక్తం ఏ రాత్రి పడింది. ఇవి రాయాలి. అప్పుడు జవాబు చెప్పాల్సింది వాళ్లు."

మా లాయరు మేడమ్ చిన్న వయసు, కానీ సెక్షన్లు వేళ్ల మీద ఉండేవి. వీడియో లింకులో మాట్లాడినప్పుడు ఆమె చెప్పిన మొదటి మాట నాకు ధైర్యం ఇచ్చింది. "మీరు ఎవరినీ దయ అడగడం లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 56వ సెక్షన్ చూడండి. నిందితుణ్ణి కస్టడీలో ఉంచుకున్నవాళ్లే అతని ఆరోగ్యం, భద్రత విషయంలో తగిన జాగ్రత్త తీసుకోవాలి. అది వాళ్ల విధి." పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 55ఏగా ఉండేదట. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఆ విధి అలాగే ఉంది. ఎస్కార్ట్ రాలేదన్నది రెండు శాఖల మధ్య వ్యవహారం, ఖైదీకి చెప్పాల్సిన జవాబు కాదని ఆమె వాదన. జైళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, పోలీసులూ ఆ జాబితాలోనే, ప్రజారోగ్యమూ అంతే. మూడూ ఒకే ప్రభుత్వం చేతులు. ఒక చెయ్యి ఇంకో చెయ్యి మీద నెట్టేస్తే మొత్తం మీద బాధ్యత లేకుండా పోదు.

రిమాండ్ పొడిగింపుకు వీడియోలో హాజరుపరిచినప్పుడు మేజిస్ట్రేటు గారు నన్ను నేరుగా అడిగారు. మామూలుగా ఆ హాజరు క్షణాల్లో అయిపోతుంది. పేరు పిలుస్తారు, తేదీ ఇస్తారు, తర్వాతివాడు. ఆ రోజు నేను నోరు తెరిచేసరికి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. ఆయన ఆగారు. పిటిషన్ చదివారు. నన్ను ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించి ఫలానా తేదీకల్లా నివేదిక పెట్టమని సూపరింటెండెంట్‌ను ఆదేశించారు. ఎస్కార్ట్ ఏర్పాటు చేయమని పోలీసు అధికారులకు విడిగా రాయించారు. మరునాడు పొద్దున్నే ఎస్కార్ట్ వచ్చింది. అన్నాళ్లూ రాని వాహనం ఒక్క ఆర్డరుతో గేటు ముందుకు వచ్చింది. ఆ రోజు నాకు సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది. పిటిషన్ రాసేవాళ్లు లేనివాడి సంగతేంటి? నాకు అక్క ఉంది. బ్యారక్‌లో ములాఖత్‌కు ఎవరూ రానివాళ్లు ఎంతోమంది ఉన్నారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగం తెల్లగా మబ్బు పట్టి, మధ్యలో గుండ్రంగా ఖాళీ కనిపించింది. తెమడ డబ్బాలో పట్టి ఇచ్చాను. సీబీనాట్ యంత్రంలో రెండు గంటల్లో ఫలితం వచ్చేస్తుంది. క్షయ ఉందా లేదా అన్నదే కాదు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందా లేదా అన్నది కూడా చెప్పేస్తుంది. రెండు గంటల పరీక్ష కోసం నేను నెలల తరబడి ఎదురుచూశాను. మందులకు లొంగే రకమేనని డాక్టరమ్మ చెప్పినప్పుడు అక్క అక్కడే బెంచీ మీద కూలబడింది.

రక్తం మళ్లీ పడుతుందేమోనని నన్ను కొన్నాళ్లు వార్డులో ఉంచారు. కానిస్టేబుల్ నా ఎడమ చేతికి బేడీ వేసి, రెండో కొస మంచం ఇనుప కడ్డీకి తగిలించాడు. దగ్గు వచ్చినప్పుడు మనిషి ముందుకు వంగుతాడు, రెండు చేతులూ ఛాతీ మీదికి వస్తాయి. నా చెయ్యి ఒకటి వెనకే ఉండిపోయేది. మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. మేడమ్ చూసి కానిస్టేబుల్‌తో గొడవ పడలేదు. ఒక పేజీ కాగితం తీసి ఆసుపత్రి అవుట్‌పోస్టులో ఇచ్చింది. గువాహటిలో ఖైదీలను ఆసుపత్రి మంచాలకు బేడీలతో బంధించిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1995లోనే తీర్పిచ్చింది. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా ఖైదీకి బేడీలు వేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. నా విషయంలో అలాంటి అనుమతి లేదు. సాయంత్రానికి బేడీ తీసేశారు. తలుపు దగ్గర కాపలా పెట్టుకున్నారు, పెట్టుకోవాల్సిందే. ఆ కానిస్టేబుల్ కూడా మంచివాడే. "పైనుంచి చెప్పారన్నా, నేనేం చేసేది" అన్నాడు తాళం తీస్తూ.

మందులు మొదలయ్యాయి. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. బరువును బట్టి మాత్రల సంఖ్య ఉంటుంది. అప్పటికి నా బరువు 44 కిలోలు, కాబట్టి రోజుకు మూడు. పరగడుపున ఒకేసారి మింగాలి. మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. ముందే చెప్పి ఉండకపోతే మళ్లీ రక్తమనుకుని హడలిపోయేవాణ్ణి. కడుపులో తిప్పేది, అన్నం వాసనకే వాంతి వచ్చేది. కీళ్లు పట్టేసేవి. తిరిగి జైలుకు పంపాక జైలు ఆసుపత్రిలో విడిగా గది ఇచ్చారు. కిటికీ కిందికే ఉంది. కాంపౌండర్ రోజూ పొద్దున్నే మాత్రలు చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి, కార్డు మీద టిక్ పెట్టేవాడు. ఒక్క రోజు కూడా తప్పించలేదు. ఇదే జైలు, ఇదే సిబ్బంది. పని ఎవరిదో రాసి ఉన్నచోట చక్కగా జరిగింది.

కోలుకోవడం ముందు ఆకలితో మొదలైంది. ఒక పొద్దున ఇచ్చింది తిని ఇంకా కావాలనిపించింది. తర్వాత చెమటలు తగ్గాయి. రాత్రి మధ్యలో లేవకుండా పడుకున్న మొదటిసారి, పొద్దున మెలకువ వచ్చాక చాలాసేపు కదలకుండా అలాగే ఉన్నాను. బరువు మెల్లగా పెరిగింది. మెట్లు ఎక్కితే ఆయాసం మాత్రం ఇప్పటికీ ఉంది. ఆ ఖాళీ మచ్చగా మానింది గానీ, మచ్చపడ్డ ఊపిరితిత్తి పాతదానిలా పని చేయదని డాక్టరమ్మ చెప్పేసింది. ముందే పట్టుకుని ఉంటే ఆ ఖాళీ ఏర్పడేదే కాదు. ఇది నా బాధ కాబట్టి అంటున్న మాట కాదు, జబ్బు నడిచే తీరే అది. ఆలస్యం అయ్యేకొద్దీ క్షయ ఊపిరితిత్తిని తొలుచుకుంటూ పోతుంది, పైగా ఆ ఆలస్యమంతా పక్కవాళ్ల మీద దగ్గుతూనే గడుస్తుంది. నా బ్యారక్‌లో అందరికీ పరీక్షలు చేశారు. ఇంకొకరికి బయటపడింది. పెద్దాయనకు కాదు. ఆ కబురు విన్న రోజు నాకు ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను.

గదిలో ఒంటరిగా ఉన్న ఆ రోజుల్లో మేడమ్ పంపిన తీర్పుల కాగితాలు చదివేవాణ్ణి. వాటిలో నన్ను పట్టుకున్నది మన తెలుగు నేల మీది కేసే. 1977 మేలో కోయిలకుంట్ల జైలు మీద బాంబులు వేసి లోపల ఖైదీలుగా ఉన్న తండ్రీకొడుకుల్లో తండ్రిని చంపేశారు. తమకు ప్రాణభయం ఉందని ఆ ఇద్దరూ ముందే చెప్పుకున్నారు. తగిన కాపలా పెట్టలేదు. బతికి బయటపడ్డ కొడుకు పరిహారం కోసం దావా వేస్తే, జైలు నడపడం సార్వభౌమాధికార విధి కాబట్టి దానికి మేం బాధ్యులం కామని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడు, జీవించే హక్కు అతనికీ ఉంది, దాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేస్తే ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందే అంది. బాంబుకు వర్తించే సూత్రం క్షయక్రిమికి ఎందుకు వర్తించదు? రెండూ తాళం వేసిన గదిలోనే మనిషిని దెబ్బ తీశాయి, రెండింటి గురించీ లోపలివాళ్లు ముందే చెప్పారు. ఖైదీల ఆరోగ్యాన్ని పట్టించుకోకపోవడం మన జైళ్ల ప్రధాన సమస్యల్లో ఒకటని సుప్రీంకోర్టు రామమూర్తి కేసులో 1996లోనే రాసింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాల్లో 24వది చెప్పేదీ ఇదే. ఖైదీల వైద్యం ప్రభుత్వ బాధ్యత, బయటి సమాజానికి అందే స్థాయిలో, ఉచితంగా అందాలి. 27వ నియమం ఇంకా సూటిగా ఉంది. వైద్యపరమైన నిర్ణయం వైద్యులదే, జైలు అధికారులు దాన్ని పక్కన పెట్టకూడదు. డాక్టరు గారు రాసిన చీటీ ఎస్కార్ట్ లేక జేబులో నలిగిపోవడం పక్కన పెట్టడం కాక మరేమిటి?

పెద్ద పేర్లున్నవాళ్లకూ ఇది సులువుగా దక్కలేదు. విప్లవ కవి వరవరరావు గారికి 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు వైద్య కారణాల మీద ఆరు నెలల బెయిలిచ్చింది, 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని శాశ్వతం చేసింది. ఆదివాసీల హక్కుల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి గారు పార్కిన్సన్స్‌తో గ్లాసు పట్టుకోలేని స్థితిలో జైల్లో ఉండి, బెయిలు రాకుండానే 2021 జులై 5న ఆసుపత్రిలో చనిపోయారు. ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా గారు చక్రాల కుర్చీలో ఏళ్ల తరబడి జైల్లో గడిపి, నిర్దోషిగా బయటికి వచ్చిన ఏడాదిలోపే 2024 అక్టోబరులో హైదరాబాదులో కన్నుమూశారు. వాళ్ల కేసుల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. దేశమంతా చూస్తున్న మనుషుల వైద్యానికే అన్ని వాయిదాలు పడ్డాయంటే, పేరు తెలియని విచారణ ఖైదీ దగ్గు ఎవరికి వినిపిస్తుంది?

నాకూ వైద్య కారణాల మీద బెయిలు అడిగారు. నాన్‌బెయిలబుల్ నేరాల్లో కూడా జబ్బుతో ఉన్నవారికీ బలహీనులకూ కోర్టు బెయిలు ఇవ్వొచ్చని సంహిత 480వ సెక్షన్‌లో ఉంది. ఇవ్వొచ్చు అంటే ఇవ్వాలని కాదు. 'జైల్లోనే వైద్యం బాగా అందుతోంది' అని ప్రాసిక్యూషన్ చెప్పింది, నా మాత్రల కార్డునే చూపించింది. పిటిషన్ కొట్టేశారు. తర్వాత కొన్నాళ్లకు మామూలు బెయిలు వచ్చింది, నాలుగు నెలల మందుల దశ మధ్యలో.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చెప్పాలి. బెయిలు ఆర్డరు జైలుకు చేరేసరికి సాయంత్రమైంది. అంత పొద్దుపోయాక ఆసుపత్రి మూసి ఉంది, కాంపౌండర్ వెళ్లిపోయాడు. జేబులో మాత్రలు లేకుండా, చేతిలో కాగితం లేకుండా గేటు బయట నిలబెట్టబోయారు. ఆ క్షణంతో కస్టడీ అయిపోయింది, వాళ్ల దృష్టిలో బాధ్యతా అయిపోయింది. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఆ తిరగబెట్టింది మందులకు లొంగనిదిగా మారే ప్రమాదం ఉంది. అక్క గేటు దగ్గర నుంచి కదలనంది. "వాడి మందులూ వాడి కార్డూ ఇస్తేనే సంతకం" అని కూర్చుంది. చివరికి డిప్యూటీ సూపరింటెండెంట్ గారే మనిషిని పంపి ఆసుపత్రి తెరిపించి, మాత్రల పట్టీలూ, క్షయ రోగులకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ నంబరున్న నా చీటీ ఇప్పించారు. ఆ నంబరు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. మర్నాడు ఇంటి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపిస్తే కంప్యూటర్‌లో నా పేరు, మొదలుపెట్టిన తేదీ, వాడుతున్న మందులు అన్నీ వచ్చాయి. అక్కడికి బదిలీ చేసుకున్నారు. పోషకాహారం కోసం నెలకు ఇచ్చే వెయ్యి రూపాయలు కూడా దాని మీదే వస్తాయి. మీవాళ్లెవరైనా క్షయ మందులు వాడుతూ విడుదలవుతుంటే, దుస్తుల మూట కంటే ముందు ఆ నంబరు అడగండి.

కోర్సు పూర్తయింది. ఆఖరి తెమడ పరీక్షలో క్రిమి లేదు. బరువు 57కు వచ్చింది.

తర్వాత అక్క సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం 7వ సెక్షన్‌లో ఉంది. నేను లోపల ఉన్నప్పుడే ఇది తెలిసుంటే అప్పుడే పెట్టేవాళ్లం. ఈసారి మామూలు గడువులోనే నకళ్లు వచ్చాయి. ఓపీ రిజిస్టర్‌లో నా పేరు మళ్లీ మళ్లీ ఉంది, ప్రతిసారీ పక్కన 'దగ్గు' అనే ఉంది. ఎస్కార్ట్ కోరుతూ రాసిన లేఖల నకళ్లు ఉన్నాయి, జవాబులు లేవు. రక్తం పడ్డ రాత్రి డ్యూటీ పుస్తకంలో కూడా ఒక వరుస ఉంది. ఆ కుర్రాడు రాశాడు. టైమేసి, బ్యారక్ నంబరేసి, 'జైలర్ గారికి ఫోనులో తెలియజేయడమైనది' అని రాశాడు.

ఆ నకళ్లన్నీ జతచేసి రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఇచ్చాం. ఘటన జరిగిన ఏడాదిలోపు ఇవ్వాలి, ఆ గడువు దాటకుండా ఇచ్చాం. పరిహారం అడిగాం, అడగడం నా హక్కు. దానితో పాటు మూడు అడిగాం. జైలు డాక్టరు బయటికి రాసిన ప్రతి చీటీకీ ఎస్కార్ట్ ఎప్పుడు వచ్చిందో, రాకపోతే ఎందుకు రాలేదో రాసే రిజిస్టర్ ఒకటి పెట్టి, జిల్లా జడ్జి గారు జైలుకు వచ్చినప్పుడల్లా అది చూడాలి. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ మొదటి రోజే దగ్గు గురించి అడగాలి, ఉందంటే బ్యారక్‌కు పంపకముందే తెమడ తీయాలి. మందుల మీద ఉన్నవాళ్లను మందులు చేతికివ్వకుండా గేటు దాటించకూడదు. కమిషన్ జైళ్ల శాఖకు, పోలీసు శాఖకు నోటీసులు పంపింది. జైళ్ల శాఖ జవాబు వచ్చింది, ఎస్కార్ట్ తమ పరిధి కాదని అందులో రాశారు. పోలీసు శాఖ జవాబు ఇంకా రావాలి.